అప్‌డేట్: మూలకు కుప్ప పడి చనిపోతున్న నాటుకోడి పిల్లలు – కారణం దొరికింది

200 పిల్లల్లో రోజూ నాలుగైదు తెల్లవారేసరికి నలిగి చనిపోతున్నాయని, రోగమేమోనని అడిగాను. రోగం కాదు, చలి. ఊక మీద 2 అంగుళాల ఎత్తున, అంటే పిల్ల వీపు దగ్గర, థర్మామీటరు పెడితే 82 డిగ్రీల ఫారెన్‌హీట్. మొదటి వారం 95 ఉండాలి.

తప్పు బల్బుల్లోనే ఉంది. ఎల్‌ఈడీలు వెలుగిస్తాయి గానీ వేడి ఇవ్వవు. పిల్లకు 2 వాట్ల లెక్కన నాలుగు 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బులు పెట్టాను. గది మూలలు వదిలేసి, అడుగున్నర ఎత్తు రేకుతో గుండ్రంగా చిక్ గార్డు కట్టాను. మూల లేకపోతే ఒకదాని మీద ఒకటి ఎక్కి నలగవు. ఇకపై వారానికి 5 డిగ్రీలు తగ్గించాలి.

థర్మామీటరు కన్నా పిల్లలే బాగా చెబుతాయి. బల్బు కింద ముద్దకడితే చలి, రెక్కలు జార్చి నోరు తెరిచి దూరంగా పోతే వేడెక్కువ, అన్నీ ఒకే పక్కకు చేరితే ఎదుటి నుంచి గాలి కొడుతోందని. పిల్ల పాదం మీ బుగ్గకు ఆనించండి, చల్లగా తగిలితే కింద ఊకే చల్లగా ఉన్నట్టు. అందుకే పిల్లలు రాకముందే ఒక రోజంతా బల్బులు వెలిగించి ఉంచాలి.

చలని పరదాలు పూర్తిగా మూసేయకండి, పైన జానెడు సందు వదలండి. లేకపోతే అమ్మోనియా పట్టి కళ్లు నీరు కారతాయి.

మూడు రోజులుగా ఒక్కటీ చనిపోలేదు. ముందు వేడి చూడమన్న అన్నలకు కృతజ్ఞతలు.