మా అమ్మాయి జెరీ కర్ల్ చేయించుకుంటానంటోంది: అనుభవం ఉన్నవారు సలహా చెప్పగలరా?

హ్యూస్టన్ అమ్మ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నాది కాకినాడ. మా వారు హ్యూస్టన్‌లోనే పుట్టి పెరిగిన ఆఫ్రికన్ అమెరికన్. మా అమ్మాయికి 19 ఏళ్ళు, జుట్టు పూర్తిగా తండ్రి పోలిక. పెన్సిల్ కన్నా సన్నని స్ప్రింగుల్లాంటి రింగులు. తడిపి లాగితే భుజాలు దాటుతాయి, ఆరగానే చెవుల దాకా ముడుచుకుపోతాయి. చివరి నాలుగైదు అంగుళాలు మాత్రం కాస్త సాఫీగా ఉంటాయి. అది నా వైపు పోలిక అనుకుని లోలోపల మురిసిపోతూ ఉంటాను.

మా అత్తగారి ఆల్బమ్‌లో 1984 నాటి ఫొటో ఒకటి ఉంది. అందులో ఆవిడ జుట్టు నల్లని ద్రాక్ష గుత్తుల్లాగా, అప్పుడే తలస్నానం చేసి వచ్చినట్టు నిగనిగలాడుతూ భుజాల మీదికి జారి ఉంటుంది. నవంబరులో ఆవిడకు 75 ఏళ్ళు నిండుతున్నాయి. ఆ పండుగకు తాను కూడా అదే జుట్టుతో వెళ్ళి, నానమ్మ పక్కన నిలబడి ఫొటో దిగాలని అమ్మాయి కోరిక. ఆ పద్ధతిని జెరీ కర్ల్ అంటారనీ, రసాయనంతో వేస్తారనీ ఆవిడే చెప్పారు. అంతకు మించి అడిగితే నవ్వి, "దిండ్లన్నీ పాడయ్యాయమ్మా" అని ఊరుకున్నారు.

నాకు తెలిసిన కేశసంరక్షణ అంతా కొబ్బరి నూనె, కుంకుడు రసం, మూడు పాయల జడ. ఆ జ్ఞానం ఈ జుట్టు దగ్గర ఏనాడూ పూర్తిగా పనికిరాలేదు. అందుకే అడుగుతున్నాను. జుట్టును తిన్నగా చేసే రిలాక్సర్‌కూ దీనికీ తేడా ఏమిటి? రిలాక్సర్ల వల్ల గర్భాశయ క్యాన్సర్ వస్తుందని వార్తల్లో చదివాను, ఆ భయం దీనికీ వర్తిస్తుందా? హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల రోజూ దీన్ని చూసుకోగలదా?

దువ్వెన (డాలస్):

నమస్కారమండీ. నేను పన్నెండేళ్ళుగా నల్లజాతి స్త్రీలు నడిపే సెలూన్‌లో పని చేస్తున్నాను. మొత్తం సెలూన్‌లో తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. ఈ మధ్య రెండు మూడేళ్ళుగా మీ అమ్మాయి వయసు పిల్లలు అమ్మమ్మల ఫొటోలు ఫోన్‌లో పెట్టుకుని వచ్చి ఇదే అడుగుతున్నారు.

మొదట తేడా చెబుతాను. రిలాక్సర్ పని ఒకటే, వంపును చంపేయడం. జెరీ కర్ల్‌లో రెండు పనులు జరుగుతాయి. ముందు రీఅరేంజర్ అనే చిక్కటి క్రీమును పాయపాయకూ పట్టించి, సహజంగా ఉన్న సన్నని రింగును మెత్తబరిచి దాదాపు తిన్నగా చేస్తాము. అది బాగా కడిగేశాక, జుట్టును చిన్న చిన్న పాయలుగా విడదీసి, మనకు కావలసిన లావు ప్లాస్టిక్ రాడ్లకు చుట్టి, బూస్టర్ అనే కాస్త పలచని ద్రావణం పోసి, ఆ తరువాత న్యూట్రలైజర్‌తో ఆ కొత్త వంపును స్థిరపరుస్తాము. అంటే సన్నని రింగు పోయి పెద్ద రింగు వస్తుంది. జుట్టు ఒత్తుగా ఉంటే ఒక పూటంతా కుర్చీలో కూర్చోవాలి. ఆ ఘాటు వాసన మాత్రం రెండు మూడు తలస్నానాల దాకా వదలదు.

అయితే ఇక్కడితో కథ అయిపోదు. నిజానికి మీ అత్తగారి ఫొటోలోని ఆ తడి మెరుపు రసాయనం ఇచ్చింది కాదు, రోజూ పట్టించిన ఆక్టివేటర్ ఇచ్చింది. అందులో ముఖ్యమైనది గ్లిజరిన్. అది తేమను పట్టి ఉంచి రింగును మెత్తగా నిలుపుతుంది. పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి పట్టించి, ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని నిద్రపోవాలి. నాలుగు రోజులు మానేస్తే జుట్టు ఎండుగడ్డిలా బిరుసెక్కి, దువ్వెన పెట్టగానే విరిగి చేతికి వస్తుంది. ఈ రోజుల్లో జిడ్డు తక్కువగా ఉండే లీవ్-ఇన్ క్రీములు వచ్చాయి కాబట్టి అంత కారనక్కరలేదు గానీ, ఆ ద్రాక్షగుత్తి మెరుపే కావాలంటే ఆ జిడ్డూ కావాల్సిందే. రెండు మూడు నెలలకొకసారి కొత్తగా పెరిగిన కుదుళ్ళకు మాత్రమే మళ్ళీ క్రీము వేయాలి. అది పాత భాగం మీదికి జారితే అక్కడికక్కడే తెగుతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. మీ అమ్మాయి జుట్టుకు ఇంతకు ముందు ఎప్పుడైనా, చిన్నతనంలోనైనా సరే, రిలాక్సర్ గానీ, టెక్స్చరైజర్ (రిలాక్సర్‌నే తక్కువసేపు ఉంచి వంపును కాస్త వదులు చేసేది) గానీ తగిలిందా? "ఏమీ వేయలేదు" అని చాలామంది అంటారు. ఆ జవాబు తల్లిని అడిగితే ఒకలా, పిల్లను ఒంటరిగా అడిగితే మరొకలా వస్తుందని నా అనుభవం. చివర్లు సాఫీగా ఉన్నాయని మీరు రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పుట్టుకతో వచ్చే జుట్టు తలలో ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉండవచ్చు. తల చుట్టూ ఒకే ఎత్తులో గీత గీసినట్టు, పైన రింగు, కింద సాఫీ అన్నట్టు ఉండటం మాత్రం అరుదు.

చికాగో పెద్దమ్మ:

మీ అత్తగారి మాట చదివి నవ్వుకున్నాను. నేను 1983లో నర్సుగా చికాగో వచ్చాను. మా వార్డులో రాత్రి డ్యూటీ చేసే నల్లజాతి సహోద్యోగుల్లో సగం మందికి ఈ కర్లే. డెస్కు మీద రక్తపోటు పట్టీ పక్కన స్ప్రే సీసా ఉండేది. తెల్లవారుజామున నాలుగింటికి ఒకరి తరువాత ఒకరు చిటుకు చిటుకుమని తల తడుపుకునేవారు. విశ్రాంతి గదిలో సోఫా వెనక గోడ మీద, తలలు ఆనించే ఎత్తున, వరుసగా గుండ్రని మరకలు ఉండేవి. ఏటా సున్నం వేసినా మూడు నెలల్లో మళ్ళీ తేలేవి. దిండు గలీబుల సంగతి ఇక చెప్పనక్కరలేదు.

అయితే వెక్కిరింపుగా అనటం లేదు. వాళ్ళలో ఒకావిడ నాకు చెప్పిన మాట ఏమిటంటే, అంతకు ముందు ఇరవై ఏళ్ళు ఆవిడ ఆదివారం చర్చికి వెళ్ళాలంటే శనివారం రాత్రి పొయ్యి మీద ఇనుప దువ్వెన కాల్చి జుట్టు సాగదీసుకునేదట, చినుకు పడితే ఆ శ్రమంతా వృథా అయ్యేదట. కర్ల్ వచ్చాకే వానలో గొడుగు లేకుండా నడిచానని చెప్పింది. మెరుపు కోసం కన్నా ఆ స్వేచ్ఛ కోసమే చాలామంది దాన్ని వేయించుకున్నారని నాకు అనిపిస్తుంది.

పేరు గురించి కూడా ఒక మాట. జెరీ రెడ్డింగ్ అనే ఆయన ఇల్లినాయ్‌కి చెందిన తెల్లజాతి కేశాలంకరణ నిపుణుడు, 1960లో రెడ్కెన్ అనే కేశ ఉత్పత్తుల సంస్థ స్థాపకుల్లో ఒకరు. ఈ కర్ల్‌కు ఆయన పేరే స్థిరపడిపోయింది. నల్లజాతివారి జుట్టుకు తగినట్టుగా దీన్ని మలిచి వ్యాప్తిలోకి తెచ్చినవారిలో ముందు చెప్పుకోవలసింది శాన్ డియేగోలో మంగలి దుకాణం నడిపిన విల్లీ మారో గారిని. ఆయన 1970ల చివర్లో దీన్ని కాలిఫోర్నియా కర్ల్ పేరుతో అమ్మారు. మొదట్లో సెలూన్‌లో 200 డాలర్లకు పైగా అయ్యే ఈ పనిని, 1980లో కోమర్ కాట్రెల్ గారి ప్రోలైన్ సంస్థ కర్లీ కిట్ అనే ఎనిమిది డాలర్ల పెట్టెలోకి తెచ్చింది. అప్పుడు వంటింట్లో కూర్చుని అక్కాచెల్లెళ్ళు ఒకరికొకరు వేసుకోవటం మొదలైంది. మా ఊళ్ళో సాఫ్ట్ షీన్ వాళ్ళ కేర్ ఫ్రీ కర్ల్ సీసా లేని స్నానాల గది ఉండేది కాదు. మీ అత్తగారిది సెలూన్ కర్లో, పెట్టె కర్లో అడిగి చూడండి. ఆ తరం ఆడవాళ్ళు ఆ సంగతి గంటసేపు చెబుతారు.

సీసాల వెనక చదివేవాడు (న్యూజెర్సీ):

నేను సౌందర్య సాధనాల ప్రయోగశాలలో రసాయన శాస్త్రవేత్తను. మీ క్యాన్సర్ ప్రశ్నకు జవాబు చెబుతాను.

మీరు చదివిన వార్త 2022 అక్టోబరులో వెలువడిన సిస్టర్ స్టడీ అనే అధ్యయనం ఫలితాల గురించినదై ఉంటుంది. అమెరికాలో 33,497 మంది స్త్రీలను దాదాపు 11 ఏళ్ళు గమనించగా 378 మందికి గర్భాశయ క్యాన్సర్ వచ్చింది. ఏడాదిలో నాలుగు సార్లకు మించి స్ట్రెయిటెనింగ్ ఉత్పత్తులు వాడినవారిలో ఆ ముప్పు, అసలు వాడనివారితో పోలిస్తే, రెట్టింపుకు పైగా కనిపించింది. 70 ఏళ్ళు వచ్చేసరికి ఆ జబ్బు వచ్చే అవకాశం వాడనివారికి 1.64 శాతం, తరచుగా వాడేవారికి 4.05 శాతం అని వారు లెక్కకట్టారు. అదే అధ్యయనంలో జుట్టు రంగులకు, పర్మ్‌లకు (రసాయనంతో జుట్టుకు రింగులు తెప్పించే పద్ధతి) అలాంటి సంబంధం కనిపించలేదు. కాకపోతే జెరీ కర్ల్‌ను వాళ్ళు విడిగా అడగలేదు కాబట్టి, రసాయనపరంగా అది పర్మ్‌కు చుట్టమే అయినా, "దీనికి ఏ ముప్పూ లేదని తేలింది" అని నేను అనను.

రసాయనం సంగతికి వస్తే, వెంట్రుక ఆకారాన్ని నిలిపేవి అందులోని ప్రోటీన్ అయిన కెరటిన్‌లో రెండేసి గంధక పరమాణువులతో ఏర్పడిన డైసల్ఫైడ్ బంధాలు. రీఅరేంజర్‌లోని అమోనియం థయోగ్లైకోలేట్ (క్లుప్తంగా థయో) వాటిని విప్పుతుంది, న్యూట్రలైజర్ వాటిని కొత్త స్థానాల్లో మళ్ళీ ముడివేస్తుంది. రిలాక్సర్‌లోని హైడ్రాక్సైడ్ ఆ రెండు గంధకాల్లో ఒకదాన్ని పీకేసి లాంథియోనైన్ అనే వేరే బంధంగా మార్చేస్తుంది. ఆ బంధాన్ని థయో విప్పలేదు, న్యూట్రలైజర్ తిరిగి కట్టలేదు. అందుకే రిలాక్సర్ తగిలిన జుట్టు మీద థయో వేస్తే రింగు రాదు సరికదా, మిగిలి ఉన్న కాసిని బంధాలు కూడా ఊడి జుట్టు పేలికలవుతుంది. డాలస్ ఆవిడ అడిగిన ప్రశ్న అందుకే అంత ముఖ్యం. పెట్టె మీద "నో లై" అని ఉంటే రిలాక్సర్ కాదనుకునేవారు చాలామంది ఉన్నారు. అందులో లై, అంటే సోడియం హైడ్రాక్సైడ్, ఉండదు గానీ, రెండు సీసాలు కలపగానే గ్వానిడిన్ హైడ్రాక్సైడ్ తయారవుతుంది. జుట్టుకు రెండూ ఒకటే.

ఇంకొక హెచ్చరిక. కొన్ని న్యూట్రలైజర్లలో సోడియం బ్రోమేట్ ఉంటుంది. అది కడుపులోకి వెళితే మూత్రపిండాలు పాడవుతాయి, వినికిడి శాశ్వతంగా పోవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ సీసాను స్నానాల గది గట్టు మీద వదలకండి.

హ్యూస్టన్ అమ్మ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. డాలస్ గారూ, మీరు చెప్పినట్టే పిల్లను ఒంటరిగా అడిగాను. కాసేపు గోళ్ళు చూసుకుని, రెండేళ్ళ కిందట వేసవిలో అత్త కూతుళ్ళ ఇంట్లో వంటింటి సింకు దగ్గర టెక్స్చరైజర్ పెట్టె ఒకటి వేసుకున్నానని ఒప్పుకుంది. పెట్టె మీద నో లై అని ఉందట, మెత్తబరుస్తుందని మాత్రమే అనుకున్నారట. అంటే నేను ఇన్నాళ్ళూ నా పోలిక అని మురిసిపోయినది ఒక పెట్టె గుణమన్నమాట! మా వారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఆ చివర్లు కత్తిరించి వేయించుకోవచ్చా?

దువ్వెన (డాలస్):

వేయించుకోవచ్చు, కానీ ముందు కొలవాలి. ఈ రకం జుట్టు సగటున రోజుకు పావు మిల్లీమీటరు పెరుగుతుంది కాబట్టి, రెండేళ్ళలో పెరిగిన కొత్త జుట్టు సాగదీస్తే సుమారు ఏడు అంగుళాలే ఉంటుంది. సాఫీగా ఉన్నదంతా తీసేసి, మిగిలినదాన్ని రాడ్లకు చుడితే రింగులు చెంపల దగ్గర ఆగుతాయి, భుజాల మీదికి జారవు. నానమ్మ ఫొటోలో ఉన్నది అది కాదు. పైగా మనసు మారి మళ్ళీ సహజమైన జుట్టే కావాలనుకుంటే, రసాయనం తగిలిన భాగం వెనక్కి రాదు, మళ్ళీ కొన్నేళ్ళు పెంచుకోవలసిందే.

ఒక్క ఫొటో కోసమే అయితే నేనైతే పర్మ్ రాడ్ సెట్ వేస్తాను. పేరులో పర్మ్ ఉన్నా అందులో రసాయనం లేదు. తలంటి, తడి జుట్టును చిన్న పాయలుగా తీసి, సెట్టింగ్ ఫోమ్ రాసి, అవే రాడ్లకు కొస నుంచి కుదురు దాకా చుట్టి, తల మీద టోపీలా దిగే హుడ్ డ్రయ్యర్ కింద పూర్తిగా ఆరనివ్వాలి. ఆ "పూర్తిగా" అన్నదే కీలకం. లోపల కాస్త చెమ్మ ఉండగా విప్పితే రింగు పొంగి దూదిలా అవుతుంది. వేళ్ళకు నూనె రాసుకుని ఒక్కొక్క రాడ్డూ మెలి తిప్పుతూ విప్పాలి, లాగకూడదు. రెండు రకాల జుట్టున్న తలకు ఇది మరీ బాగుంటుంది, ఎందుకంటే రింగులో పై భాగానికీ కొసకూ తేడా తెలియదు. కాస్త గ్లిజరిన్ స్ప్రే చేస్తే మెరుపు వస్తుంది, మరీ ఎక్కువైతే రింగు జారిపోతుంది. రాత్రి శాటిన్ టోపీ పెట్టుకుంటే అయిదారు రోజులు నిలుస్తుంది.

జెరీ కర్ల్ మీద మోజు అప్పటికీ తీరకపోతే, ఆ చివర్లు నెమ్మదిగా కత్తిరించుకుంటూ ఒకటిన్నర ఏడాది ఆగి రమ్మనండి. అప్పుడు చెవి వెనక ఒక పాయకు వేసి చూసి, తెగకపోతేనే తలకంతా వేస్తాను.

హ్యూస్టన్ అమ్మ:

పిల్ల రాడ్ సెట్‌కు ఒప్పుకుంది. నిన్న రాత్రి అత్తగారికి ఫోన్ చేసి ఇదంతా చెబితే, తనది పెట్టె కర్లేననీ, వాళ్ళక్క వేసిందనీ, ఆ రాడ్లు ఇంకా అటక మీద షూ పెట్టెలో ఉన్నాయనీ అన్నారు. ఊదా రంగువట. నలభై ఏళ్ళనాటి ప్లాస్టిక్ కదా, రబ్బరు పట్టీలు తెగిపోయి ఉంటే మార్చుకుని వాడవచ్చా, లేక కొత్తవే కొనాలా?

దువ్వెన (డాలస్):

రాడ్డు మీద పగుళ్ళు, గరుకు అంచులు లేకపోతే సబ్బునీళ్ళతో కడిగి నిక్షేపంగా వాడవచ్చు. పట్టీలు మాత్రం కొత్తవి వేయండి. ఊదా రంగువి సాధారణంగా లావు రాడ్లే, ఫొటోలోని రింగుకు అవే సరిపోతాయి. ఈ జుట్టుకు నలభైకి తక్కువ కాకుండా కావాలి, ముందు లెక్క పెట్టుకోండి.