ఎట్రియల్ ఫిబ్రిలేషన్: ఏ అబ్లేషన్ మేలు?

ప్రశ్న (గాజువాక)
మా నాన్నగారు స్టీల్‌ప్లాంటులో రిటైరయ్యారు, వయసు 61. వచ్చిపోయే దడను ఈసీజీ చూసి ఎట్రియల్ ఫిబ్రిలేషన్ (కర్ణికలు అనే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) అన్నారు. మందులతో అదుపు కాకపోవడంతో అబ్లేషన్ (గుండెలో తప్పుడు సంకేతాల దారిని మూసే చికిత్స) చేయించమంటున్నారు. ఒక డాక్టరుగారు రేడియోఫ్రీక్వెన్సీ అంటే, మరొకరు క్రయోబెలూన్ అన్నారు. పల్స్‌డ్ ఫీల్డ్ అనేది కూడా వచ్చిందట. దేన్ని ఎంచుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (మహారాణిపేట)
నేను క్యాథ్ ల్యాబ్‌లో (గుండెలోకి గొట్టాలు పంపి చికిత్స చేసే గదిలో) పనిచేస్తున్నాను. మూడింటి ఉద్దేశమూ ఒక్కటేనండి. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు రక్తం తెచ్చే సిరల్లో పుట్టే తప్పుడు సంకేతాలే చాలామందిలో ఈ దడను రేపుతాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు చూపించారు. ఆ సంకేతాలు కర్ణికలోకి దాటకుండా సిరల మొదళ్ల చుట్టూ మచ్చ కట్టిస్తారు. రేడియోఫ్రీక్వెన్సీలో కాథెటర్ (సన్నని గొట్టం) కొనతో చుక్క పక్కన చుక్కగా కాల్చుతూ వలయం పూర్తి చేస్తారు. క్రయోలో బెలూన్‌ను సిర ముఖానికి ఆనించి, ఆ చుట్టూ ఉన్న కండరాన్ని ఒకేసారి చలితో గడ్డకట్టిస్తారు.

వచ్చిపోయే రకం ఉన్న 762 మందిపై జరిగి 2016లో వెలువడిన ఫైర్ అండ్ ఐస్ అధ్యయనంలో ఈ రెండింటి ఫలితాలూ దాదాపు సమానంగా వచ్చాయి. తేడా అంతా ప్రమాదాల తీరులో ఉంది. క్రయోలో కుడివైపు ఫ్రెనిక్ నరం (ఊపిరి తీసుకునే కండరమైన డయాఫ్రంను కదిలించేది) దెబ్బతినవచ్చు. అందుకే ఆ వైపు సిరలను చల్లబరుస్తున్నంతసేపూ నరాన్ని పేసింగ్‌తో (చిన్న విద్యుత్ ప్రేరణలతో) కదిలిస్తూ, పక్కటెముకల కింద చేయి పెట్టి డయాఫ్రం ఎగురుతోందా లేదా గమనిస్తాం. ఎగురు మెత్తబడిందంటే వెంటనే ఆపేయాలి. వేడితో అన్నవాహికకు రంధ్రం పడడం చాలా అరుదు, కానీ పడితే ప్రాణాంతకం.

పల్స్‌డ్ ఫీల్డ్‌లో క్షణికమైన విద్యుత్ ఘాతాలు కణాల పొరలను ఛేదిస్తాయి. గుండె కండరం వాటికి త్వరగా లొంగుతుంది, అన్నవాహిక చాలావరకు తట్టుకుంటుంది. 2023 నాటి అడ్వెంట్ అధ్యయనంలో ఏడాదికి సఫలత దీనితో 73.3 శాతం, వేడి లేదా చలి పద్ధతులతో 71.3 శాతం. దీనికీ ఇబ్బందులున్నాయి: ఎర్ర రక్తకణాలు చిట్లవచ్చు, అరుదుగా కరోనరీ ధమని బిగుసుకోవచ్చు. నన్నడిగితే, ఏ డాక్టరుగారు ఏ పద్ధతిలో ఎక్కువ కేసులు చేశారో, ఇబ్బంది తలెత్తితే పక్కనే గుండె సర్జన్ ఉంటారో లేదో ముందు కనుక్కోండి.

జవాబు (ఎంవీపీ కాలనీ)
ముందు ఎకోలో (గుండె స్కాన్‌లో) మిట్రల్ కవాటం (గుండె ఎడమ వైపు గదుల మధ్య తలుపు) ఎలా ఉందో అడగండి. మన ప్రాంతంలో చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల కవాటం సన్నబడినవారు ఇంకా చాలామంది ఉన్నారు. అలాంటప్పుడు కవాటానికి చికిత్సే ముందు ఆలోచించాలి. అలాంటివారికి రక్తం పలచబడే మందుగా వార్ఫరిన్ తరహావే మేలని 2022 నాటి ఇన్విక్టస్ అధ్యయనం తేల్చింది.

ప్రశ్న అడిగినవారు (గాజువాక)
కవాటం బాగానే ఉందన్నారండి. అబ్లేషన్ తరువాత రక్తం పలచబడే మందు మానేయవచ్చా?

జవాబు (మహారాణిపేట)
వెంటనే మానకూడదండి. కనీసం రెండు నెలలు అందరూ వాడాలి. ఆపైన దడ తగ్గినా సరే, వయసు, బీపీ, షుగర్, పాత పక్షవాతం వంటివాటిని బట్టి కొనసాగించాలో వద్దో నిర్ణయిస్తారు. తొలి వారాల్లో దడ మళ్లీ కనిపిస్తే చికిత్స విఫలమైందని కంగారుపడకండి. జ్వరం, మింగేటప్పుడు నొప్పి, మాట తడబడడం లాంటివి కొన్ని వారాల తరువాత వచ్చినా సరే, ఆలస్యం చేయకుండా అబ్లేషన్ చేసిన ఆసుపత్రికే తీసుకెళ్లండి.