పెద్దవాళ్ళతో రిషికేశ్: ఆషాఢంలో పోవచ్చా?

నల్గొండ రైతుబిడ్డ:
అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలకు గంగ స్నానం చేయించాలని చాలా రోజులుగా ఉంది. 2023 గంగా పుష్కరాలప్పుడు కాశీలో రద్దీ తట్టుకోలేరని ఆగిపోయాం. ఇప్పుడు రిషికేశ్ అనుకుంటున్నాం. ఆషాఢంలో పెళ్ళిళ్ళ తిరుగుడు ఉండదు, కాల్వ నీళ్ళు వచ్చేలోపు పొలం పని కూడా తక్కువే, అందుకని గురు పౌర్ణమి అయ్యాక బయల్దేరుదామని మా ఆలోచన. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. పోయొచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

పాలమూరు బాటసారి:
అన్నా, ఆ రోజుల్లో మాత్రం వద్దు. మనకు నెల అమావాస్యతో అయిపోతుంది, ఉత్తరాది వాళ్ళకు పౌర్ణమితో అయిపోతుంది. అంటే గురు పౌర్ణమి తెల్లారి నుంచే అక్కడ శ్రావణం మొదలు, మనకేమో ఇంకా ఆషాఢ బహుళం నడుస్తుంటుంది. సరిగ్గా అప్పుడే కావడి యాత్ర. కాషాయం బట్టలు వేసుకొని లక్షల మంది హరిద్వార్ వచ్చి, గంగ నీళ్ళు కావళ్ళలో ఎత్తుకొని నడిచిపోతారు. ఢిల్లీ నుంచి వచ్చే రోడ్డు మీద బండ్లను దారి మళ్ళిస్తారు, రిషికేశ్ దగ్గరి నీలకంఠ్ మహాదేవ్ గుడికైతే ఇసుక వేస్తే రాలనంత జనం. వాళ్ళ భక్తికి దండం పెట్టాల్సిందే, కానీ మోకాళ్ళ నొప్పులున్న అమ్మను ఆ జనంలో నిలబెట్టలేం. పైగా వానకాలం, గంగ బురద రంగులో ఉరుకుతుంటుంది, కొండ దారుల్లో చరియలు విరిగిపడతాయి.

నన్నడిగితే కార్తీకంలో పోండి. అందులోనూ పౌర్ణమి దాటాక. పౌర్ణమి స్నానానికి హరిద్వార్ కిటకిటలాడుతుంది, అది కాగానే వాళ్ళకు కార్తీకం అయిపోతుంది, మనకు ఇంకో పదిహేను రోజులు మిగులుతుంది. మీ అమ్మకు కార్తీక స్నానం దక్కుతుంది, ఒడ్డున కూర్చోవడానికి జాగా కూడా దొరుకుతుంది. మే, జూన్ నెలలు కూడా వద్దు, చార్‌ధామ్ బండ్లన్నీ ఆ ఊరి మీదుగానే పోతాయి.

మిర్యాలగూడ అక్క:
పైన తమ్ముడు చెప్పింది నిజం. బస సంగతి నేను చెప్తాను. అక్కడ టీటీడీ వాళ్ళ ఆంధ్ర ఆశ్రమం ఉంది, లోపలే వేంకటేశ్వర స్వామి గుడి, చంద్రమౌళీశ్వరుడి గుడి ఉన్నాయి. హిందీ రాని పెద్దవాళ్ళకు అక్కడికి పోతే సగం టెన్షన్ తగ్గుతుంది. ముందే ఫోన్ చేసి గది సంగతి కనుక్కోండి.

మేం అత్తమ్మను త్రివేణీ ఘాట్‌కు తీసుకుపోయాం. నీళ్ళు మంచు కరిగి వచ్చేవి కదా, మోకాలి లోతు దిగేసరికి కాళ్ళు తిమ్మిరెక్కాయి. మెట్లకు కట్టిన ఇనుప గొలుసుకు పాకుడు పట్టి జారుతోంది, మా ఆయన అత్తమ్మ చీర కొంగుతోనే దాన్ని చుట్టి ఆమె చేతికిచ్చాడు. ఆమె మూడు మునకలేసి, పైకొచ్చాక పళ్ళు కొట్టుకుంటుంటే కూడా నవ్వుతూనే ఉంది. ఆ ముఖం చూడ్డానికైనా పోవాలి మీరు. మునగలేనివాళ్ళు మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకున్నా స్నానమే.

సాయంత్రం హారతి అక్కడే చూడండి. అవతలి ఒడ్డున పరమార్థ్ నికేతన్ హారతి కూడా బాగుంటుంది కానీ వంతెన నడిచి దాటాలి, కార్లు రానివ్వరు. పాత లక్ష్మణ్ ఝూలా మూసేశారు. రామ్ ఝూలా కదులుతుంటే మా అత్తమ్మకు కళ్ళు తిరిగాయి, 2020లో తెరిచిన జానకీ సేతు వెడల్పుగా ఉంటుంది, పెద్దవాళ్ళకు అదే నయం. కోతులు చేతిలో కవరు కనబడితే చాలు లాక్కుంటాయి.

గద్వాల కృష్ణాతీరం:
ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. మేం బీచుపల్లి దగ్గర కృష్ణలో చిన్నప్పటి నుంచి ఈత కొట్టినవాళ్ళం. ఆ ధైర్యంతో అక్కడ గంగలో దిగొద్దు. పైకి మెల్లగా కనిపిస్తుంది, లోపల లాగుడు ఎక్కువ. పైన టెహ్రీ లాంటి డ్యాములున్నాయి, నీళ్ళు వదిలితే చూస్తుండగానే మట్టం పెరుగుతుంది. ఇసుక తిన్నెల దగ్గర పిల్లలు ఫోటోల కోసం దిగుతుంటారు, మీవాళ్ళను అస్సలు దిగనియ్యకండి. గొలుసులున్న ఘాట్‌లోనే స్నానం.

కోదాడ యోగా టీచర్:
యోగా గురించి ఎవరూ రాయలేదు. రెండు వందల గంటల ట్రైనింగ్ బోర్డులు అక్కడ సందుకొకటి, పెద్దవాళ్ళతో పోయినప్పుడు అది పెట్టుకోవద్దు, దానికి వేరే పోవాలి. మీ నాన్నకు ప్రశాంతంగా కూర్చోవాలని ఉంటే శివానంద ఆశ్రమానికి తీసుకుపోండి. మలయాలో డాక్టరుగా చేసి, అదంతా వదిలి వచ్చిన స్వామి శివానంద 1936లో డివైన్ లైఫ్ సొసైటీ పెట్టారు. నాకు ఆ ఊళ్ళో అన్నిటికంటే నచ్చింది అదే, ఎవరూ మనకు ఏదీ అమ్మాలని చూడరు. అక్కడే ఉండాలంటే మాత్రం ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి. 1968లో బీటిల్స్ అనే ఇంగ్లిష్ పాటల బృందం వచ్చి ఉన్న పాత ఆశ్రమం చౌరాసీ కుటియా ఇప్పుడు అటవీ శాఖ కింద ఉంది, టికెట్ ఉంటుంది, లోపల ఎత్తు ఎక్కాలి. మీ అమ్మకు వద్దు, మీరు పొద్దున్నే ఒక్కరే పోయి రండి.

నల్గొండ రైతుబిడ్డ:
అందరికీ చాలా థ్యాంక్స్. ఆషాఢం మానేశాం, కార్తీక బహుళంలోనే పోతాం, వరి కోతలు తమ్ముడు చూసుకుంటానన్నాడు. రైలు ఎట్లా పోతే మేలు? ఢిల్లీలో మారాల్సిందేనా?

పాలమూరు బాటసారి:
తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ పోయి, అక్కడ మారండి. చలికాలంలో పొగమంచుకు రైళ్ళు లేటవుతాయి, మధ్యలో ఒక రాత్రి ఖాళీ పెట్టుకోండి. యోగ్ నగరి రిషికేశ్ అని కొత్త స్టేషన్ ఉంది, దానికి రైలు దొరక్కపోతే హరిద్వార్‌లో దిగండి, అక్కడి నుంచి పాతిక కిలోమీటర్లే. ఊళ్ళో తిరగడానికి విక్రమ్ అని షేర్ ఆటోలు ఉంటాయి, అమ్మకు మాత్రం విడిగా ఆటో మాట్లాడండి. కింది బెర్తులు రెండూ వచ్చేట్టు టికెట్లు తెరిచిన రోజే బుక్ చేయండి అన్నా.