ముందు ప్రశ్న చదివి పాసేజీలో వెతుక్కోమంటున్నారు. ఇది ఇంగ్లీషు చదవడం నేర్పడమేనా?

సత్యనారాయణపురం నాన్న:
మా పాప విజయవాడలో ఓ ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు కాంప్రహెన్షన్‌లో పదికి తొమ్మిది తగ్గవు. మొన్న అదే పాసేజీ నా ముందు చదివించి, "ఇంతకీ ఇందులో ఏం జరిగిందమ్మా?" అంటే బిక్కమొహం వేసింది. జవాబులన్నీ మాత్రం కరెక్టే. ఎలా రాశావంటే చెప్పింది: ముందు ప్రశ్న చదవాలట, అందులో పెద్ద మాట ఏదుందో చూసి, అది పాసేజీలో ఎక్కడుందో పట్టుకుని, ఆ లైను దించేయాలట. క్లాసులో నేర్పిందే ఇదట. స్కూల్లో అడిగితే "మార్కులు వస్తున్నాయి కదా సార్" అన్నారు. ఇక్కడ టీచర్లున్నారు కాబట్టి అడుగుతున్నా, ఇది సరైన పద్ధతేనా?

జడ్పీ ఇంగ్లీషు టీచర్, గుంటూరు:
నేనూ అదే నేర్పుతానండీ, దాచుకోవడం దేనికి? పదో తరగతి పబ్లిక్‌లో పిల్లలు ముందు చూడని పాసేజీ కూడా ఇస్తారు. మా పిల్లల ఇళ్లలో ఇంగ్లీషు సంగతి దేవుడెరుగు, తెలుగు పేపరు కూడా రాదు. మిర్చి కోతలప్పుడు బెంచీలు ఖాళీ. అలాంటి పిల్లాడితో "మొత్తం చదివి అర్థం చేసుకో" అంటే పెన్ను కింద పెట్టేస్తాడు. ప్రశ్న ముందు చదివితే దేనికోసం చదువుతున్నాడో వాడికి తెలుస్తుంది. మనం మాత్రం పేపరంతా చదువుతామా? కరెంటు కోత ఏ ఏరియాలోనో వెతుక్కుంటాం. అదీ చదవడమే.

బ్రాడీపేట ట్యూషన్ మాస్టారు:
మేడమ్, వెతకడం కూడా ఒక విద్యే, కాదనను. కానీ దొరికింది అర్థమైందో లేదో ఆ పద్ధతిలో తేలదు. ఇది చూడండి:

"డింబు గొరకలో చిటుముతోంది. పిల్ల డింబులు లాటెకు భయపడి మురకలేదు."

డింబు ఎక్కడ చిటుముతోంది? పిల్ల డింబులు ఎందుకు మురకలేదు?

రెండిటికీ ఈపాటికి జవాబు చెప్పేసుంటారు. డింబు అంటే ఏంటో రాసిన నాకే తెలీదు. అయినా రెండుకి రెండు మార్కులు!

నా దగ్గరికొచ్చే తొమ్మిదో తరగతి పిల్లలకు ఓ వాక్యం ఇస్తుంటాను: "ది మ్యాన్ హూ సోల్డ్ మ్యాంగోస్ టు మై అంకుల్ వెంట్ టు గుంటూరు." గుంటూరు ఎవరు వెళ్లారు? చాలామంది "మై అంకుల్" అంటారు. ‘వెంట్’కి ఆనుకుని కనిపించేది అంకులే మరి. వాళ్లకు తెలియని మాట అందులో ఒక్కటీ లేదు. తెలుగులో అయితే "మా మామయ్యకు మామిడికాయలు అమ్మినాయన గుంటూరు వెళ్లాడు" అంటాం. ఆయన ఎవరో చెప్పే ముక్కంతా ముందే వచ్చేస్తుంది, గొడవ లేదు. ఇంగ్లీషులో మనిషిని ముందు చెప్పి, ఆ ముక్క తర్వాత తగిలిస్తారు. ‘హూ’ నుంచి ‘అంకుల్’ దాకా పెన్సిల్‌తో బ్రాకెట్ పెట్టించి, అది వదిలేసి చదవమంటాను. అప్పుడు తలూపుతారు. లైను దించే పిల్లాడికి ఈ బాధే లేదు. టెన్త్ గట్టెక్కుతాడు, ఇంటర్లో ఫిజిక్స్ పుస్తకం ముందు కూలబడతాడు.

కృష్ణలంక పుస్తకాల పిచ్చి:
మధ్యలో దూరుతున్నా. చదివి అర్థం చేసుకోవడమంటే రెండిటి గుణకారం అని 1986లో గాఫ్, టన్మర్ అనే పరిశోధకులు రాశారు. ఒకటి, అచ్చులో ఉన్నదాన్ని మాటగా పోల్చుకోవడం. రెండోది, ఆ భాష వింటే అర్థం కావడం. కూడిక కాదు, గుణకారం. ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నాయే. మన కాన్వెంటు పిల్లలకు మొదటిది బ్రహ్మాండం. గడగడా చదివేస్తుంటే అమ్మానాన్నలు మురిసిపోతారు. రెండోదాన్ని ఎవరూ అడగరు.

పాప తండ్రిగారూ, పాసేజీ మీరే పైకి చదివి వినిపించండి. విన్నా అర్థం కాకపోతే లోటు ఇంగ్లీషులో. వింటే అర్థమై, తను చదువుకుంటే కాకపోతే తడబాటు అక్షరాల దగ్గర. దేని మందు దానిదే.

సత్యనారాయణపురం నాన్న:
వినిపించానండీ. సగం చెప్పింది. ‘రిలక్టెంట్’, ‘ఎవెంచువల్లీ’ లాంటి మాటల దగ్గర ఆగిపోయింది. డిక్షనరీ కొనివ్వనా?

బ్రాడీపేట ట్యూషన్ మాస్టారు:
కొనండి, కానీ ముందు తేలిక పుస్తకం ఇవ్వండి. మరో భాషలో కథ ఎవరి సాయం లేకుండా అర్థం కావాలంటే చాలామందికి వందలో 98 మాటలు తెలిసుండాలని హూ, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో తేల్చారు. అంటే 200 మాటల పేజీలో తెలియనివి నాలుగు. దాటితే ఆ పుస్తకం పక్కన పెట్టండి. ఎనిమిదో తరగతి పిల్లకి అయిదో తరగతి కథలా అని నామోషీ పడకండి. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో తనకు నచ్చినవే ఏరుకోనివ్వండి. చదివాక పుస్తకం మూసి ఏం జరిగిందో తెలుగులో చెప్పించండి.

పటమట కుర్రోడు:
తెలుగులో చెప్పిస్తూ కూర్చుంటే ఇంగ్లీషులో ఆలోచించడం ఎప్పుడొస్తుంది మాస్టారూ?

జడ్పీ ఇంగ్లీషు టీచర్, గుంటూరు:
దీనికి నేను చెప్తా తమ్ముడూ. ఈ ఒక్కదాంట్లో నాది మాస్టారి పక్షం. 2020-21లో ప్రభుత్వ బడులకు ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషుతో పుస్తకాలొచ్చాయి. సైన్సు పాఠం తెలుగు పేజీ ముందు చదివించి, మర్నాడు ఇంగ్లీషు పేజీ ఇస్తే, ఆకు ఆహారం ఎలా తయారు చేసుకుంటుందో అప్పటికే తెలుసు కాబట్టి తెలియని మాటలు వాళ్లే ఊహిస్తారు. సంగతి తెలియని చోట ఏ భాషలో ఆలోచించినా ఏముంటుంది?

కానీ మాస్టారూ, మీ ట్యూషన్లో పదిహేను మంది, నా క్లాసులో యాభై మంది. ఒక్కొక్కరి చేత కథ చెప్పిస్తే పీరియడ్ అయిపోతుంది.

బ్రాడీపేట ట్యూషన్ మాస్టారు:
పక్కపక్కన కూర్చున్నవాళ్లే ఒకరికొకరు చెప్పుకుంటారు మేడమ్. మీరు రోజుకు ఇద్దరిని లేపండి చాలు. ఎవరిని లేపుతారో తెలియదు కాబట్టి అందరూ చదువుతారు.

జడ్పీ ఇంగ్లీషు టీచర్, గుంటూరు:
గోల గోలగా ఉంటుంది, హెడ్మాస్టరు తొంగి చూస్తారు. సరే, సంక్రాంతి సెలవుల దాకా మీ బ్రాకెట్లు, కథలు నడిపిస్తా. ఆ తర్వాత మార్చి పబ్లిక్ దాకా మాత్రం ప్రశ్నలే ముందు. లైను దించితే జవాబు రాని ప్రశ్నలు పేపర్లో ఎక్కువ పెట్టమనండి, అప్పుడు మాట్లాడుకుందాం.