ఉగ్గాని స్టాల్ డబ్బు ఈసారి ఎట్లా ఖర్చు పెడదాం?

ఆదోని అన్న:
డల్లాస్ పిక్నిక్ ఇంకా మూడు వారాలే. అక్కడ మన స్టాల్‌లో ఉగ్గాని (బొరుగుల ఉప్మా), బజ్జీ మీద వచ్చే డబ్బు మన సీమ జిల్లాల పిల్లల కాలేజీ చదువుకే అనుకున్నాం. పోయినేడు మాదిరి పెద్ద చెక్కు, శాలువా, ఫోటో మాత్రం వద్దు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నా పిల్లలు చిన్న వాటి దగ్గరే ఆగిపోతారు: బస్సు చార్జీ, హాస్టల్ అడ్వాన్సు, సర్టిఫికెట్లు. నా సంగతే చూడండి. రేషన్ కార్డులో మా నాయన పేరు చివర ‘ప్ప’ ఉంది, నా పదో తరగతి మార్కుల లిస్టులో లేదు. ప్లాస్టిక్ కవరు చంకలో పెట్టుకుని నాలుగు రోజులు ఆఫీసు చుట్టూ తిరిగా. ఆదాయ సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి కౌన్సెలింగ్ అయిపోయింది. ఏడాది పోయింది.

కడప అక్క:
తమ్ముడూ, ముందు డబ్బు రానీ! ఇక్కడి స్టోర్లో దొరికే మరమరాలు మన బొరుగుల్లా నీళ్లకు ఆగవు, తడిపీ తడపకముందే పిండెయ్యాలి. పుట్నాల పొడి నేను కొట్టిస్తా. కానీ ఎవరికి ఎంత ఇచ్చామో లెక్క గ్రూపులో పెట్టాల్సిందే.

ఇడుపులపాయ తమ్ముడు:
అక్కా, ఇంటర్ అయ్యాక కాదు, పదో తరగతిలోనే పట్టుకోవాలి. మా ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల మీదే, ఆరేళ్ల చదువు. సర్కారు బడి పిల్లల మార్కులకు 4 శాతం కలుపుతారని మా సారు చెప్పకపోతే నేను అప్లై చేసేవాణ్ణే కాదు. అనంతపురంలో 2018లో మొదలైన సెంట్రల్ యూనివర్సిటీలో డిగ్రీకి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ దరఖాస్తు పడేది ఎండలు ముదరకముందే. కోసిగి, మంత్రాలయం వైపు ఇళ్లలో అప్పటికి అమ్మానాన్నలు మిరప కోతకు గుంటూరు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయుంటారు. పిల్లలు అవ్వ దగ్గర. ఫారం గురించి ఎవరు చెప్తారు?

ఆదోని అన్న:
అందుకే ఒక్కొక్కరం ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఫోన్ చేస్తుందాం. ఇక్కడ శనివారం పొద్దున 8 అంటే ఎండాకాలంలో అక్కడ సాయంత్రం 6:30. సర్టిఫికెట్లలో పేర్లు ఇప్పుడే సరిచూడాలి. వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ ముందు ఏది వెనక అనే వరస, నెట్ సెంటర్ వాడికి వదిలేయకుండా మనం ఫోన్లో కూర్చుని పెట్టించాలి. చేరాక మొదటి సెమిస్టర్ దాకా ఫోన్ ఆపొద్దు, ఇంగ్లీషులో పాఠాలు అర్థం కాక ఇంటికొచ్చేసేది అప్పుడే. స్టాల్ డబ్బు మొదటి నెల ఖర్చుకు.

బొరుగులు నావి. స్టవ్ ఎవరు తెస్తున్నారు?

కడప అక్క:
స్టవ్ మాది. ఇద్దరు పిల్లల్ని నాకూ రాయి, ఆడపిల్లలైతే మేలు.