ఎయిర్ ఫిల్టర్ బాక్స్ స్క్రూల తలలు అరిగిపోయాయి, ఒకటి ఊరికే తిరుగుతోంది. ఎలా తీయాలి?

కొత్తపానా

అందరికీ నమస్కారం. ఎయిర్ ఫిల్టర్ మార్చుదామని నిన్న బానెట్ ఎత్తాను. పావుగంట పని అనుకున్నాను, సగంలో ఆగిపోయింది. నా కారులో ఫిల్టర్ బాక్స్ మూతకి క్లిప్పులు లేవు, ఐదు ప్లస్ స్క్రూలు ఉన్నాయి. వాటిలో రెండు మామూలుగానే వచ్చేశాయి. ఇంకో రెండింటి తలలు మాత్రం స్క్రూడ్రైవర్ జారి జారి చిన్న గిన్నెల్లా అయిపోయాయి, ఇప్పుడు ఏం పెట్టినా పట్టు దొరకడం లేదు. ఐదోదాని కథ వేరు. తల బాగానే ఉంది, డ్రైవర్ కూడా గట్టిగానే కూర్చుంటోంది, కానీ ఎంత తిప్పినా అక్కడే తిరుగుతోంది, పైకి మాత్రం రాదు. ఇంతకుముందు ఎవరో పవర్ డ్రిల్‌తో బిగించి వదిలేసినట్టున్నారు.

మూత మీదే గాలి కొలిచే మాఫ్ సెన్సర్ ఉంది, అక్కడి నుంచి రబ్బరు గొట్టం ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీకి వెళ్తుంది. ఆ గొట్టం క్లాంప్ ఇంకా ముట్టుకోలేదు. మూత గట్టిగా లాగితే బాక్స్ పగులుతుందేమోనని భయంగా ఉంది, స్క్రూని డ్రిల్ చేస్తే ఇనుప రజను ఇంజిన్‌లోకి పోతుందేమోనని ఇంకో టెన్షన్. ముందు ఏది మొదలుపెట్టాలి? మర పోయిన రంధ్రాన్ని తర్వాత ఎలా బాగుచేసుకోవాలి?

పది నంబర్ స్పానర్

ముందు ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి. ఇంకో పదిసార్లు ప్రయత్నించారంటే ఉన్న కాస్త లోహం కూడా పోతుంది.

మీకున్నది ఒక సమస్య కాదు, రెండు. తల అరిగిన స్క్రూకి కింద మర బాగానే ఉంటుంది, పట్టు దొరికితే చాలు వచ్చేస్తుంది. ఊరికే తిరిగే స్క్రూకి తల బాగుంటుంది, కింద ప్లాస్టిక్‌లో మర పోయి ఉంటుంది. మొదటిదానికి పనికొచ్చే మందు రెండోదానికి పనికిరాదు. రెండింటినీ కలిపి చూసేసరికే చాలామంది బాక్స్ పగలగొట్టుకుంటారు.

రజను భయం పోవాలంటే మూతతో పాటు బాక్స్ మొత్తాన్ని కారులోంచి బయటికి తీసెయ్యండి. చాలా కార్లలో బాక్స్ అడుగున రెండు మూడు రబ్బరు బుడిపెలు ఉంటాయి, పక్కన ఒకటో రెండో 10 ఎంఎం బోల్టులు ఉంటాయి, అంతే. తాళం ఆఫ్ చేసి సెన్సర్ కనెక్టర్ తీయండి. దానికి లాక్ ముక్క ఉంటే ముందు దాన్ని వెనక్కి జరిపి, తర్వాత నొక్కి, కనెక్టర్‌నే పట్టుకుని లాగండి, వైర్లు పట్టుకుని లాగొద్దు. గొట్టం క్లాంప్ స్క్రూకి గాడి ఉందని స్క్రూడ్రైవర్ పెట్టకండి, దాని తల ఆరు పలకలుగా ఉంటే 7 లేదా 8 ఎంఎం సాకెట్ సరిపోతుంది, జారదు. క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది గది) నుంచి వచ్చే సన్న గొట్టం కూడా మూతకో రబ్బరు గొట్టానికో తగిలి ఉంటుంది, అది మర్చిపోయి లాగితే పాత ప్లాస్టిక్ నిపుల్ విరిగి చేతికొస్తుంది. పెద్ద గొట్టాన్ని నేరుగా లాగకుండా అటూ ఇటూ మెలితిప్పి వదులు చేసి తీయండి.

బాక్స్ రాగానే గొట్టం మూతిలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ముదురు రంగు పెద్ద గుడ్డ తీసుకుని, తోక బయటికి కనపడేలా వదలండి, అప్పుడు మర్చిపోయి ఇంజిన్ స్టార్ట్ చేసే ప్రమాదం ఉండదు. టర్బో బండి అయితే ఇది ఇంకా ముఖ్యం, ఒక్క స్క్రూ లోపల పడినా నేరుగా టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ రెక్కల మీదకే పోతుంది.

ఇక తలలు. పాన్ హెడ్ స్క్రూ, అంటే తల ఉబ్బెత్తుగా ఉండే రకం అయి, తల పైకి కనపడుతుంటే లాకింగ్ ప్లేయర్‌తో అంచు పట్టుకుని తిప్పండి, పది సెకన్ల పని. లోతు గుంటలో ఉంటే వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ (గరుకు పొడి కలిపిన ముద్ద) చుక్క డ్రైవర్ కొనకి రాసి, బరువంతా పైనుంచి నొక్కి, నెమ్మదిగా తిప్పండి. బలంలో ఎక్కువ భాగం నొక్కడానికే పోవాలి. ఇంకో మాట, స్క్రూ తల మీద సూది మొనంత చుక్క గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అది జేఐఎస్, అంటే జపాన్ ప్రమాణం ప్రకారం చేసిన రకం. మామూలు ఫిలిప్స్ కొన అందులో అడుగుదాకా కూర్చోదు, అందుకే పైకి ఎగదన్నుతూ తల కొరికేస్తుంది.

కరెంటుచేతులు

పైవారు చెప్పినదంతా సరే. పేస్ట్ కూడా పనిచేయకపోతే ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్ వాడండి. డ్రిల్‌ని రివర్స్‌లో పెట్టి కొరుకుతుంటే చాలాసార్లు సగంలోనే స్క్రూ దానంతట అదే బయటికి తిరిగి వచ్చేస్తుంది. రాకపోతే తల ఊడేదాకా డ్రిల్ చేయండి. మూత లేచాక మిగిలిన మొండెం పైకి నిలబడి ఉంటుంది, ప్లేయర్‌తో తిప్పితే వస్తుంది. ఈజీ అవుట్ లాంటి ఎక్స్‌ట్రాక్టర్ (స్క్రూలో రంధ్రం చేసి దించి తిప్పి తీసే పనిముట్టు) మాత్రం ఇంత సన్న స్క్రూల్లో పెట్టకండి. అది చాలా గట్టి ఉక్కు, లోపల విరిగిందంటే దాన్ని మామూలు బిట్ తొలవలేదు.

ఊరికే తిరిగేదానికి ఇంకో మనిషి సాయం కావాలి. ఒకరు మూత అంచు కింద పలచటి బద్ద పెట్టి కొద్దిగా పైకి ఎత్తి పట్టుకోవాలి, ఇంకొకరు స్క్రూ వెనక్కి తిప్పాలి. పైకి లాగుడు ఉంటే మిగిలిన అరకొర మరకే పట్టు దొరికి లేస్తుంది.

రంధ్రం సంగతి అంటారా, రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు నింపి, ఆరాక సన్న బిట్‌తో తొలిచి స్క్రూ వేసెయ్యండి. నేను అలాగే చేశాను.

కొత్తపానా

చాలా థాంక్స్ అన్నా, ఇద్దరికీ. బాక్స్ మొత్తం బయటికి తీశాక మనసు కాస్త కుదుటపడింది. తల అరిగిన రెండింటిలో ఒకటి లాకింగ్ ప్లేయర్‌కి వచ్చేసింది. రెండోది గుంటలో ఉంది, ఎడమ బిట్ కోసం ఆగకుండా మామూలు బిట్‌తోనే తల ఊడగొట్టాను, మొండెం సులువుగానే వచ్చింది. తిరిగే స్క్రూ మాత్రం మా తమ్ముడు మూత ఎత్తి పట్టుకుంటే అరగంటకి లేచింది.

ఇప్పుడు రంధ్రం మిగిలింది. స్క్రూతో పాటు ప్లాస్టిక్ పొడి పొడిగా రాలింది, లోపల గోడ నున్నగా ఉంది. ఎపాక్సీ కలిపేలోపు ఒకసారి అడుగుదామని ఆగాను. బాక్స్ అడుగున పీపీ-టీడీ20 అని అచ్చు ఉంది, దానికేమైనా అర్థం ఉందా?

అచ్చుపోత

ఆగి మంచి పని చేశారు. ఆ గుర్తే అసలు సమాధానం. నేను ప్లాస్టిక్ మౌల్డింగ్ పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

పీపీ అంటే పాలీప్రొపిలీన్, టీడీ20 అంటే అందులో 20 శాతం టాల్క్ పొడి కలిపారని. పాలీప్రొపిలీన్‌కి మామూలు ఎపాక్సీ గానీ సూపర్ గ్లూ గానీ అంటుకోవు. నింపినప్పుడు రాయిలా గట్టిపడుతుంది, స్క్రూ బిగిస్తే రెండు మూడు సార్లు పట్టుకుంటుంది కూడా, తర్వాత ఓ రోజు స్క్రూతో పాటు ఎపాక్సీ ముద్ద మొత్తం మేకులా ఊడి వస్తుంది. కరెంటుచేతులు గారి బాక్స్ బహుశా పీఏ6-జీఎఫ్30 రకం అయి ఉండాలి, అంటే 30 శాతం గాజు నార కలిపిన నైలాన్. దాన్ని బాగా గీకి, గ్రీజు లేకుండా తుడిస్తే ఎపాక్సీ పర్వాలేదు, పట్టుకుంటుంది. అందుకే అచ్చు చూడకుండా జిగురు డబ్బా తీయకూడదు.

మీ బాక్స్‌కి సులువైన దారి, అదే పొడవులో ఒక సైజు లావు సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ, అంటే తన మర తనే కోసుకునేది. 5 ఎంఎం ఉంటే 5.5 లేదా 6. కానీ రంధ్రం చుట్టూ ఉన్న గోడ మందం చూసుకోండి, పలచగా ఉంటే లావు స్క్రూ దాన్ని నిలువునా చీల్చేస్తుంది. గోడ మందంగా ఉంటే ఇంకా మంచి దారి ఇత్తడి ఇన్సర్ట్. బయట గరుకుగా, లోపల మరతో చిన్న గొట్టంలా ఉంటుంది. రంధ్రం మీద నిలబెట్టి, సోల్డరింగ్ ఐరన్ కొనతో వేడి చేస్తూ నిటారుగా లోపలికి నొక్కాలి. పీపీ 160, 165 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, ఐరన్ మరీ వేడిగా పెడితే చుట్టూ పాకంలా అయిపోతుంది, తొందరపడొద్దు. పూర్తిగా చల్లారాకే స్క్రూ వేయాలి. దీంట్లో పట్టేది మామూలు మెషిన్ స్క్రూ, పాత స్క్రూ పట్టదు.

ఏం చేసినా నట్టూ వాషరూ ఫిల్టర్ దాటిన వైపు, అంటే ఇంజిన్ వైపు గదిలోకి రాకుండా చూసుకోండి. అటువైపు ఊడిన వస్తువుని ఆపడానికి ఇక ఏమీ ఉండదు.

మిగతా నాలుగు రంధ్రాల్లో మర ఇంకా బాగుంది కదా, వాటిని కాపాడుకోండి. స్క్రూ పెట్టగానే బిగించకుండా మొదట వెనక్కి, అంటే విప్పే వైపు, మెల్లగా తిప్పండి. ఒక చోట టక్కుమని కొద్దిగా కిందికి దిగినట్టు తెలుస్తుంది, అక్కడ పాత మర మొదలు. అక్కడి నుంచి ముందుకి తిప్పితే అదే దారిలో పోతుంది. లేకపోతే ప్రతిసారీ కొత్త మర కోసుకుంటుంది, నాలుగైదు సార్లకి రంధ్రం అయిపోతుంది. చేత్తోనే బిగించండి, తల ఆనాక ఇంకో పావు చుట్టు, అంతకు మించొద్దు.

పది నంబర్ స్పానర్

అచ్చుపోత గారు చెప్పింది నాకూ కొత్త విషయమే, పీపీకి అంటుకోదని తెలియదు.

అల్యూమినియంలో పని వేరు కాబట్టి తర్వాత చదివేవాళ్ల కోసం అది కూడా చెప్తాను. కిందటేడాది థ్రాటిల్ బాడీ బోల్టు ఎక్కువ బిగించి, అది కూర్చునే మానిఫోల్డ్‌లో (ఇంజిన్‌కి గాలి పంచే గొట్టాల భాగం) మర లాగేశాను, నాది ఎం6, అంటే 6 ఎంఎం బోల్టు. అక్కడ హెలికాయిల్, అంటే పోయిన మర బదులు పెట్టే స్ప్రింగ్ లాంటి తీగ చుట్ట, వేశాను. 6.3 ఎంఎం బిట్‌తో తొలిచి, కిట్‌లో వచ్చే ట్యాప్‌ని (మర కోసే పనిముట్టు) అర చుట్టు ముందుకి పావు చుట్టు వెనక్కి తిప్పుతూ మర కోసి, స్ప్రింగ్‌ని పై అంచుకి పావు నుంచి అర చుట్టు లోతుగా దింపాలి. ఆ తర్వాత అడుగున ఉండే చిన్న తోక విరిచి తీసేయాలి. తోక చేతికి దొరికేదాకా నేను మానిఫోల్డ్ మూతిలో కుక్కిన గుడ్డ తీయలేదు. ఒక హెచ్చరిక, థ్రాటిల్ లోపలి పలకని పట్టుకునే రెండు చిన్న స్క్రూలు కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు. అవి ఊడి ఇంజిన్‌లో పడకూడదని ఫ్యాక్టరీలోనే కొనలు నలగ్గొట్టి ఉంటాయి.

కొత్తపానా

పని అయిపోయింది. గోడ మందం సరిపోయింది కాబట్టి ఇత్తడి ఇన్సర్టే వేశాను. ముందు పాత పగిలిన బకెట్ అడుగున పీపీ గుర్తు చూసి దాని మీద రెండుసార్లు ప్రాక్టీస్ చేశాక బాక్స్ మీద చేశాను. లోపలంతా వాక్యూమ్ పట్టి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక కొత్త ఫిల్టర్ పెట్టాను. మిగతా స్క్రూలకి వెనక్కి తిప్పే పద్ధతి చేస్తే నిజంగానే ఆ టక్కు తెలిసింది.

స్టార్ట్ చేయగానే ఐడిల్ (ఎక్సలరేటర్ నొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం) ఊగింది, కాసేపటికి చెక్ ఇంజిన్ లైట్ వచ్చింది. స్కానర్ పెడితే పీ0171 అనే తప్పు కోడ్ చూపింది, గాలి ఎక్కువ ఇంధనం తక్కువ అని. చూస్తే పెద్ద గొట్టం సగమే ఎక్కింది, క్లాంప్ దాని అంచు మీద బిగిసింది. సెన్సర్ దాటాక లోపలికి వచ్చే గాలి లెక్కలోకి రాదు కదా. మళ్లీ విప్పి పూర్తిగా తోసి బిగించి, కోడ్ చెరిపేశాను. నిన్నటి నుంచి లైట్ రాలేదు, ఐడిల్ కూడా నిలకడగా ఉంది.