"ఏకైవ భగినీ లోకే": భూభుజామా, భూభృతామా?

తాటాకు:
విజయనగర రాజుల రాగిరేకుల (భూదాన శాసనాల) చివర వచ్చే శ్లోకాల్లో ఒకటి బుర్ర తినేస్తోంది. "ఏకైవ భగినీ లోకే సర్వేషామేవ..." ఆ తర్వాత భూభుజామా, భూభృతామా? రెండిటికీ అర్థం 'రాజులకు' అనే. రెండో సగం స్పష్టంగానే గుర్తుంది: "న భోజ్యా న కరగ్రాహ్యా విప్రదత్తా వసుంధరా". విప్రులకిచ్చిన నేల లోకంలో రాజులందరికీ ఒక్కతే చెల్లెలు, దాన్ని అనుభవించరాదు, కరగ్రహణం చెయ్యరాదు అని. నా నోటికి మాత్రం భూభృతాం అనే వస్తోంది. ఛందస్సు సాయం చెయ్యడం లేదు, రెండూ గురువు-లఘువు-గురువే.

రాగిరేకు:
భూభుజామ్ అండీ. అచ్చులో నేను చూసిన శాసన పాఠాలన్నిటా అదే. నాకు ఈ శ్లోకంలో ప్రాణం 'కర'. చెయ్యీ అదే, పన్నూ అదే. చెల్లెలి చెయ్యి పట్టరాదు, దానమిచ్చిన నేల మీద పన్ను పట్టరాదు. వేంగి చాళుక్యుల రేకుల్లో "సర్వకరపరిహారం" (అన్ని పన్నుల మినహాయింపు) అని పొడిగా రాసేసిన మాటని ఇక్కడ ఎవరో కవి ఎంత దూరం తీసుకెళ్ళాడో చూడండి!

యతిమైత్రి:
శ్లేష సరే, విగ్రహవాక్యం చెప్పండి. చెల్లెలికి "కరేణ గ్రాహ్యా", తృతీయా తత్పురుషం, ఇబ్బంది లేదు. నేలకి? "కరో గ్రాహ్యో యస్యాః" అని బహువ్రీహి చేస్తే విశేషణం ముందుకొచ్చి "గ్రాహ్యకరా" కావాలి కదా.

రాగిరేకు:
నేలకీ తృతీయే చాలు. పన్ను వంకతో లాక్కోవడం. పన్ను కట్టలేదని మాన్యాన్ని (దానమిచ్చిన నేలని) మళ్ళీ కలిపేసుకోవడమే కదా దానం పట్టిన అగ్రహారీకుల అసలు భయం.

యతిమైత్రి:
బాగుంది, ఒప్పుకుంటాను. కానీ అందరూ 'కర' దగ్గరే ఆగిపోయి 'భోజ్యా'ని వదిలేస్తారు. భోగం ఈ రేకుల్లో చట్టం మాట. ఊరు ఒక్కడికే ఇస్తే ఏకభోగ్యం, పలువురికిస్తే గణభోగ్యం. ఇప్పుడు పై పాదం చూడండి. భూభుజుడంటే భూమిని భుజించేవాడు. "భుజ పాలనాభ్యవహారయోః" అని సంస్కృత ధాతువుల పట్టిక ధాతుపాఠం. కాపాడటం, తినడం రెండూ ఆ ధాతువులోనే ఉన్నాయి. "భుజోఽనవనే" అనే పాణిని సూత్రం ప్రకారం కాపాడితే భునక్తి, తింటే భుంక్తే. నేలని తినే హక్కున్నవాడికే ఈ ఒక్క ముక్క తినొద్దు, కాపాడు అని చెప్తున్నాడు. "దానాచ్ఛ్రేయోఽనుపాలనమ్" (ఇవ్వడం కన్నా ఇచ్చినదాన్ని కాపాడటం మేలు) అని ఇంకో శ్లోకం చెప్పేదీ అదే. భూభృతాం అంటే ఈ ముడి మొత్తం ఊడిపోతుంది.

తాటాకు:
ఊడిపోదు, వేరే ముడి పడుతుంది. భృ (భరించు) ధాతువులోంచే కదా భర్త. రాజు భూభర్త, కాబట్టి నేల అంతా అతనికి భార్య. దానమిచ్చిన ముక్క మాత్రం చెల్లెలు. భగినీ అన్న మాటకి ఎదురుగా నిలబడేది భర్తే. "ఏకైవ"కి అప్పుడే బలం. భుజ్‌లో ఆ వావి ఎక్కడుంది?

కొండవీటివాసి:
'కర' అంటే మా శ్రీనాథుణ్ణి ఎలా మర్చిపోయారు? 1409 నాటి ఫిరంగిపురం శాసనం: "విద్యాధికారీ శ్రీనాథో వీరశ్రీవేమభూపతేః / అకరోదాకరో వాచాం నిర్మలం ధర్మశాసనమ్". నా ఉద్దేశం, ఆ "అకరో"లో పన్నులేని నేల కూడా వినపడాలనే అలా పేర్చాడు. ధర్మశాసనం పక్కనే 'అకర' ఊరికే పడదు.

రాగిరేకు:
అయ్యా, అది అకరోత్ + ఆకరః. చేశాడు, ఎవరు? మాటల గని. పైగా ఆ శాసనంలో ప్రధానం చెరువు. కొండవీటి రెడ్డిరాజు పెదకోమటి వేముడి రాణి సూరాంబ తవ్వించిన సంతానసాగరం. పన్ను ఊసు అక్కడ దేనికి?

కొండవీటివాసి:
అర్థం అదేనని నాకూ తెలుసు. నేను చెప్పేది చెవికి వినపడేదాని గురించి. ఒక్క అచ్చు హ్రస్వం నుంచి దీర్ఘానికి మారితే "చేశాడు" కాస్తా "గని" అయిపోయింది. శాసనం చివర సంతకం పెట్టే చోట కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు! కృష్ణదేవరాయల రేకుల్లో వాటిని రచించిన కవి సభాపతి కూడా పేరు చెప్పుకున్నాడు, కానీ ఈ దర్జా ఏది?

యతిమైత్రి:
సభాపతిని తక్కువ చెయ్యకండి. శాసనానికి కావాల్సింది తేట, అది ఆయన దగ్గర పుష్కలం. ఇక పన్ను సంగతంటారా, బొడ్డుపల్లె గుత్తకి తీసుకున్న శ్రీనాథుడికి అది చివర్లో నిజంగానే మెడకి చుట్టుకుంది. "బొడ్డుపల్లెను గొడ్డేఱి మోసపోతి". కృష్ణ పంట ఊడ్చుకుపోయింది, పిట్టలు మిగిలింది తినేశాయి, ఏడువందల టంకాలు ఎలా కట్టనని ఏడ్చాడు. ధర్మశాసనాలు రాసిన మనిషికి ఒక్క మాన్యం మిగల్లేదు. ఆ సీసం చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

తాటాకు:
"గొడ్డేఱి" అంటే గొడ్డునేల దున్ని అనే కదా? ఏరువాకలోని ఏరు.

కొండవీటివాసి:
కుదరదండీ. ఏరువాకలో ఉన్నది మామూలు ర. ఇక్కడ బండి ఱ. గొడ్డునేలని ఏరి కోరి గుత్తకి తీసుకున్నాననే నేను చదువుకుంటాను.

రాగిరేకు:
చాటువు నోటి వెంట వచ్చింది. రాసుకున్నవాడి ఱ ని పట్టుకుని తీర్పు చెప్పలేం. ముందు ఎవరి దగ్గరైనా పాత తాళపత్ర పాఠం ఉంటే పెట్టండి.